లేబుల్ మీద చక్కెరను వెతకడం: పేర్ల పట్టీ కన్నా ముందు చూడవలసిన అంకెలు

మీ నాన్నగారికి ప్రీడయాబెటిస్ ఉన్నట్టు తేలిందని, చక్కెర బాగా తగ్గించమని డాక్టరుగారు చెప్పారని రాశారు. కాఫీ, టీల్లో చక్కెర మానేశారు. స్వీట్లు ఇంట్లోకి రానివ్వడం లేదు. బిస్కెట్లు మొదలుకొని పాలలో కలుపుకునే పొడి దాకా అన్నీ ‘రాగి’, ‘మల్టీగ్రెయిన్’, ‘నో యాడెడ్ షుగర్’ అని రాసి ఉన్నవే కొంటున్నారు. అయినా మూడు నెలల తరవాత చేయించిన హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల్లో రక్తంలోని చక్కెర సగటును చూపే) పరీక్షలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. చక్కెర ఏయే మారుపేర్లతో లేబుల్ మీద ఉంటుందో ఒక పట్టీ ఇవ్వమని అడిగారు.

పట్టీ ఇవ్వడం తేలికే. కింద ఆ పేర్లు కూడా చెబుతాను. అయితే ఆహార కంపెనీల నాణ్యతా విభాగంలో చాలాకాలం పనిచేసి, అచ్చుకు వెళ్ళే ముందు లేబుళ్లను దిద్దడం నా ఉద్యోగంలో భాగంగా ఉన్నవాడిని కనుక ఒక మాట ముందే చెప్పాలి. పేరున్న కంపెనీల లేబుళ్లు పచ్చి అబద్ధం చెప్పడం అరుదు. చట్టం అడిగిన అంకె ప్రతిదీ ప్యాకెట్ మీద ఎక్కడో ఒకచోట ఉంటుంది. మన కన్ను ఎక్కడ పడాలన్నది మాత్రం కంపెనీ నిర్ణయిస్తుంది. అందువల్ల పేర్లు కంఠస్థం చేయడం కన్నా ఏ అంకెను ముందు చూడాలి, దానిని దేనితో పోల్చాలి అన్నది తెలుసుకోవడం మీకు ఎక్కువ పనికివస్తుంది.

మొదట పరిమితి ఎంతో తేల్చుకుందాం. హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలలో, చక్కెర నుంచి వచ్చే శక్తి మొత్తం శక్తిలో 5 శాతానికి మించకూడదని సూచించింది. రోజుకు 2000 కిలోకేలరీలు తినే మనిషికి ఇది 25 గ్రాములు, అంటే సుమారు ఆరు టీస్పూన్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో 10 శాతం లోపు ఉండాలని గట్టిగా చెప్పి, 5 శాతం లోపుకు తగ్గిస్తే మరింత మేలని సూచించింది. ఇప్పుడు మన ప్యాకెట్ల మీద ‘%ఆర్‌డీఏ’ (రోజుకు సిఫార్సు చేసిన మోతాదులో ఎంత శాతం) అని ఉండే గడిని చూడండి. మన దేశ ఆహార భద్రతా నియంత్రణ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం ఆ శాతాన్ని కలిపిన చక్కెర రోజుకు 50 గ్రాములు అన్న లెక్క మీద వేస్తారు. మీ నాన్నగారి పరిమితి 25 గ్రాములైతే, ఆ గడిలో 10 శాతం అని ఉన్నది ఆయనకు 20 శాతం అవుతుంది. ఆ గడిలోని అంకెను ఎప్పుడూ రెట్టింపు చేసి చదవండి. నేను చూసినంతలో ఎక్కువ మంది పొరపడేది ఇక్కడే. చదువుకున్నవారు సైతం ‘పది శాతమే కదా’ అని ప్యాకెట్‌ను బుట్టలో వేసుకుంటారు.

ఒక లేబుల్‌ను దగ్గరగా చూద్దాం. ఇది ఏ ఒక్క కంపెనీదీ కాదు. మార్కెట్‌లో దొరికే రాగి కుకీల తీరును బట్టి నేను కూర్చినది. ముందు వైపు పెద్ద రాగి కంకి బొమ్మ ఉంటుంది, ‘బెల్లం మంచితనంతో’ అన్న మాట ఉంటుంది. వెనక వైపు పదార్థాల జాబితా ఇలా ఉంటుంది: గోధుమ పిండి 38%, పామ్ నూనె, చక్కెర, రాగి పిండి 12%, లిక్విడ్ గ్లూకోజ్, పాల ఘనపదార్థాలు, బెల్లం పొడి 2%, ఇన్వర్ట్ సిరప్, ఆ తరవాత ఉప్పు, పొంగించే పదార్థాలు, ఎమల్సిఫయర్. పక్కన ఉన్న పట్టికలో 100 గ్రాములకు శక్తి 481 కిలోకేలరీలు, కార్బోహైడ్రేట్లు 66 గ్రాములు, అందులో మొత్తం చక్కెరలు 22 గ్రాములు, కలిపిన చక్కెరలు 20.5 గ్రాములు అని ఉంటుంది. సర్వింగ్ అంటే 25 గ్రాములు, రెండు కుకీలు. సర్వింగ్‌కు కలిపిన చక్కెర ఆర్‌డీఏలో 10%.

జాబితాలోని పదార్థాలను బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలన్నది నియమం. ఒక పదార్థాన్ని ముందు వైపు ప్రత్యేకంగా చాటుకుంటే, అది ఎంత శాతం ఉందో జాబితాలో చెప్పాలి. రాగి 12 శాతమేనని, బెల్లం 2 శాతమేనని బయటపడింది ఈ నియమం పుణ్యమే. ఇక చక్కెరను చూడండి. అది మూడో స్థానంలో నూనె తరవాత కనిపిస్తుంది. కానీ లిక్విడ్ గ్లూకోజ్, బెల్లం పొడి, ఇన్వర్ట్ సిరప్ కూడా తీపి పదార్థాలే. నాలుగింటినీ ఒకే పేరు కింద కలిపి రాస్తే నూనెను దాటి రెండో స్థానానికి వచ్చే అవకాశం ఎక్కువ. ఒకే సరుకును నాలుగు ముక్కలుగా విడగొడితే ఒక్కొక్క ముక్కా జాబితాలో కిందికి జారుతుంది. ఇది చట్ట విరుద్ధం కాదు, ఎందుకంటే అవి నిజంగానే నాలుగు వేర్వేరు పదార్థాలు.

ఇదంతా కుట్ర అని మాత్రం అనుకోవద్దు. బిస్కెట్ కరకరలాడడానికి, ఓవెన్‌లో పరుచుకోవడానికి, బంగారు రంగు తేలడానికి చక్కెర కావాలి. లిక్విడ్ గ్లూకోజ్ వేస్తే చక్కెర మళ్ళీ పలుకులు కట్టదు, తేమ నిలుస్తుంది. ఇన్వర్ట్ సిరప్ వల్ల రంగు తొందరగా వస్తుంది. మొక్కజొన్న పిండి పదార్థం నుంచి తీసే మాల్టోడెక్స్‌ట్రిన్ వాసన పొడులకు వాహకంగా, పొడి ఉండకట్టకుండా పనికివస్తుంది. ఫార్ములా రాసేవాడికి వీటిలో ప్రతిదానికీ ఒక సాంకేతిక కారణం ఉంటుంది. ఆ కారణం వల్ల మీ నాన్నగారి రక్తంలో కలిసే గ్లూకోజ్ తగ్గదు గనుక మనం అన్నింటినీ కలిపే లెక్కపెట్టాలి.

పేర్ల విషయానికి వస్తే, పట్టీ పొడవుగా కనిపించినా గుర్తుపట్టే మార్గం చిన్నదే. ‘సిరప్’ అన్న మాటతో ముగిసేవి దాదాపు అన్నీ చక్కెరలే: గ్లూకోజ్ సిరప్, కార్న్ సిరప్, హై ఫ్రక్టోజ్ కార్న్ సిరప్, ఇన్వర్ట్ సిరప్, గోల్డెన్ సిరప్, మాల్ట్ సిరప్, డేట్ సిరప్, రైస్ సిరప్. ‘ఓజ్’ అని ముగిసే డెక్స్‌ట్రోజ్, ఫ్రక్టోజ్, మాల్టోజ్, సుక్రోజ్ చక్కెరలే. డెక్స్‌ట్రోజ్ అంటే గ్లూకోజే. ఇక్కడ ఒక మినహాయింపు గుర్తుంచుకోండి: సుక్రలోజ్ పేరు అలాగే వినిపించినా అది కేలరీలు లేని కృత్రిమ తీపి. సెల్యులోజ్ పీచు పదార్థం. బెల్లం, తాటి బెల్లం, కొబ్బరి చక్కెర, ఖండసారి, పటిక బెల్లం, తేనె, మొలాసిస్, మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్, పండ్ల రసం కాన్సెంట్రేట్ మూడో గుంపు. బెల్లంలో కొద్దిగా ఖనిజాలు ఉన్న మాట నిజమే కానీ దాని బరువులో అత్యధిక భాగం సుక్రోజే. బెల్లానికి మారితే చక్కెర తగ్గించినట్టే అనే నమ్మకం మన ఇళ్లలో ఎంత బలంగా ఉందో కంపెనీలకు బాగా తెలుసు. ‘నో రిఫైన్డ్ షుగర్’ అన్న మాట పుట్టింది ఆ నమ్మకం మీదనే.

జాబితాలో కనిపించని చక్కెర కూడా కొంత ఉంటుంది. చాకో చిప్స్, మసాలా మిశ్రమం, సాస్ వంటివి మిశ్రమ పదార్థాలు. ఇలాంటిది మొత్తం ఆహారంలో 5 శాతం కన్నా తక్కువ ఉంటే, దానిలో కలిసిన పదార్థాలను విడమరచి రాయనక్కరలేదు. అందువల్ల మసాలా ఓట్స్ జాబితాలో ‘మసాలా మిశ్రమం’ అని మాత్రమే కనిపిస్తే, అందులో చక్కెర, మాల్టోడెక్స్‌ట్రిన్ ఉన్నాయో లేదో జాబితా చెప్పదు. పట్టికలోని అంకెలో మాత్రం ఆ చక్కెర చేరే ఉంటుంది. జాబితా కన్నా పట్టికను ముందు చూడమనడానికి ఇది ఒక కారణం.

పట్టికలో కూడా సర్వింగ్ గడిని వదిలి 100 గ్రాముల గడినే చూడండి. సర్వింగ్ ఎంత అన్నది కంపెనీ ఎంచుకునే అంకె. రెండు కుకీలతో ఆగేవాళ్లు ఎంతమంది? చేతిలో ఉన్న రెండు ప్యాకెట్లను పోల్చాలంటే 100 గ్రాముల లెక్క ఒక్కటే సమానంగా ఉంటుంది. ఘన పదార్థాలలో 100 గ్రాములకు 5 గ్రాముల లోపు, పానీయాలలో 100 మిల్లీలీటర్లకు 2.5 గ్రాముల లోపు చక్కెర ఉంటేనే ‘లో షుగర్’ అని రాసుకోవచ్చన్నది 2018 నాటి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన. కంపెనీ ఆ మాట రాసుకున్నా రాసుకోకపోయినా మీరు ఆ హద్దునే వాడండి. 5 లోపు ఉన్నది చక్కెర వరకు నిశ్చింతగా తీసుకోవచ్చు; 5 నుంచి 10 మధ్య ఉన్నదానిని ఎంత తింటారో ఆలోచించి తీసుకోవచ్చు; 15 దాటినది రోజువారీ తిండిలో ఉండకూడదు. ఈ రెండో, మూడో హద్దులు నా అనుభవం నుంచి పెట్టుకున్నవి, నిబంధనలు కావు.

ఇప్పుడు ‘కలిపిన చక్కెర సున్నా’ అని ఉన్న చోటుకు వద్దాం. మీ ప్రశ్నలో నాకు ఎక్కువ ఆందోళన కలిగించింది ఇదే. నిబంధన ప్రకారం ‘నో యాడెడ్ షుగర్’ అని రాయాలంటే ఏ రూపంలోనూ చక్కెర కలపకూడదు, చక్కెరకు బదులుగా ఎండుపండ్ల గుజ్జు వంటివి వాడకూడదు, ఎంజైములతో పిండి పదార్థాన్ని విరగ్గొట్టి తీపి పెంచకూడదు. కట్టుదిట్టమైన నిబంధనే. అయినా ఆ మాట చక్కెర లేదని చెప్పదు. ఏమీ కలపని నారింజ రసంలో కూడా 100 మిల్లీలీటర్లకు 9 గ్రాముల దాకా చక్కెర ఉంటుంది. 200 మిల్లీలీటర్ల పెట్టె తాగితే 18 గ్రాములు. పట్టికలో కలిపిన చక్కెర సున్నా అని ఉండడం సరైనదే, కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పండ్ల రసంలోని చక్కెర, తేనె, సిరప్‌లు అన్నీ పరిమితి కిందికే వస్తాయి. పండును పండుగా తింటే పీచుతో పాటు నెమ్మదిగా ఒంటబడుతుంది. రసంలో ఆ అడ్డు ఉండదు. ‘ఖర్జూరంతో మాత్రమే తీపి’ అని అమ్మే ఎనర్జీ బార్లదీ ఇదే కథ. అక్కడ కొన్ని కంపెనీలు ‘నో యాడెడ్ షుగర్’ అనకుండా మరో మాట వాడతాయి. పట్టికలో కలిపిన చక్కెర సున్నా, మొత్తం చక్కెర 35 అని కనిపిస్తే ఆశ్చర్యపోవద్దు.

2024 జూన్‌లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, కాన్సెంట్రేట్‌కు నీళ్లు కలిపి తిరిగి తయారుచేసే రసాల మీద ‘100% పండ్ల రసం’ అన్న మాటను తీసివేయమని ఆదేశించింది. కిలోకు 15 గ్రాములకు మించి తీపి పదార్థాలు కలిపితే ‘స్వీటెన్డ్ జ్యూస్’ అని రాయాలని కూడా అప్పుడే గుర్తుచేసింది. మామిడి పానీయాలు వేరే తరగతి. అవి ‘ఫ్రూట్ డ్రింక్’, రసం కావు. ముందు వైపు ఎన్ని పండ్లు కోసి పెట్టినా, జాబితాలో నీళ్లు, మామిడి గుజ్జు, చక్కెర వరుసగా కనిపిస్తాయి.

ఈ విషయంలో మన హైదరాబాదు నుంచే ఒక ముఖ్యమైన మార్పు వచ్చింది. ఓఆర్ఎస్ అన్న అక్షరాలను పేరులో తగిలించుకుని అమ్మే తీపి పానీయాల మీద పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. తెలంగాణ హైకోర్టుకు కూడా వెళ్ళారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం అసలైన ఓఆర్ఎస్‌లో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజ్ మాత్రమే ఉండాలి. పెట్టెల్లో వచ్చే ఆ పానీయాలలో దానికి ఎన్నో రెట్లు ఉండేది. 2025 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, ఆ సూత్రానికి సరిపోని పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ వాడకూడదని ఆదేశించింది. ఎండాకాలంలో నీరసంగా ఉందని పెద్దవాళ్లకు ఇలాంటి పెట్టె కొనిచ్చేవారు ఇప్పటికీ ఉన్నారు కనుక చెబుతున్నాను: మందుల షాపులో దొరికిందన్న ఒక్క కారణంతో పానీయాన్ని నమ్మకండి, వెనక వైపు తిప్పండి.

పాలలో కలుపుకునే మాల్ట్ పొడుల గురించి కాస్త విడిగా చెప్పాలి. 2023 ఏప్రిల్‌లో, ఆహార లేబుళ్ల గురించి వీడియోలు చేసే రేవంత్ హిమత్‌సింగ్కా బోర్న్‌విటాలోని చక్కెర గురించి చేసిన వీడియో పెద్ద చర్చకు దారితీసింది. ఆ ఏడాది చివర్లో కంపెనీ అందులో కలిపే చక్కెరను 100 గ్రాములకు 37.4 నుంచి 32.2 గ్రాములకు తగ్గించింది. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఇలాంటి వాటిని ‘హెల్త్ డ్రింక్స్’ వర్గంలో చూపవద్దని ఆన్‌లైన్ అమ్మకపు సంస్థలకు చెప్పింది. అన్నీ ఒకేలా ఉండవు కానీ, ఈ వర్గంలో మొత్తం చక్కెరకు, కలిపిన చక్కెరకు మధ్య తేడా బాగా ఎక్కువ కనిపిస్తుంది. ఆ తేడాలో కొంత పాలపొడిలోని లాక్టోజ్, మిగిలింది మొలకెత్తించిన బార్లీ నుంచి వచ్చే మాల్టోజ్. మాల్టోజ్ అంటే రెండు గ్లూకోజ్ అణువులు జతకూడినదే. కనుక ఈ ఒక్క వర్గంలో మాత్రం కలిపిన చక్కెర గడిని పక్కన పెట్టి మొత్తం చక్కెర గడినే చూడమంటాను.

పాల పదార్థాలలో దీనికి భిన్నమైన పద్ధతి పనిచేస్తుంది. మామూలు పాలలో 100 మిల్లీలీటర్లకు దాదాపు 5 గ్రాముల లాక్టోజ్ సహజంగానే ఉంటుంది. దాని గురించి బెంగ అక్కరలేదు. ఫ్లేవర్డ్ మిల్క్ ప్యాకెట్ మీద మొత్తం చక్కెర 12 అని ఉండి, కలిపిన చక్కెర గడి కనిపించకపోతే, 5 తీసేయండి. మిగిలిన 7 గ్రాములు కలిపినవి. లస్సీకి, పండ్ల రుచి పెరుగుకు కూడా ఇదే లెక్క చాలావరకు సరిపోతుంది.

‘షుగర్ ఫ్రీ’ బిస్కెట్ల దగ్గర చక్కెర గడి పూర్తిగా నిజమే చెబుతుంది, అయినా చాలదు. 100 గ్రాములకు 0.5 గ్రాముకు మించి చక్కెర లేకపోతేనే ఆ మాట రాయవచ్చు. అందులో ఉన్నది మైదా, పామ్ నూనె, తీపికి మాల్టిటాల్ అనుకోండి. కార్బోహైడ్రేట్ల గడిలో 65 నుంచి 70 గ్రాములు కనిపిస్తాయి. మైదా కడుపులోకి వెళ్ళాక గ్లూకోజే అవుతుంది. మాల్టోడెక్స్‌ట్రిన్ పరిస్థితి ఇంకా విచిత్రం: రసాయన శాస్త్ర పరంగా అది చక్కెర కాదు కనుక చక్కెర గడిలోకి రాదు, కానీ రక్తంలో గ్లూకోజ్‌ను గ్లూకోజ్ పొడితో పోటీపడి పెంచుతుంది. లిక్విడ్ గ్లూకోజ్‌లో కూడా కొంత భాగమే చక్కెరగా లెక్కకు వచ్చి, మిగిలింది కార్బోహైడ్రేట్ల మొత్తంలో కలిసిపోతుంది. అందుకే ప్రీడయాబెటిస్ ఉన్నవారు చక్కెర తరవాత కార్బోహైడ్రేట్ల గడిని, దాని పక్కన పీచు ఎంతో రాసి ఉంటే దానినీ తప్పక చూడాలి. మాల్టిటాల్ 965, సార్బిటాల్ 420 వంటి పాలియాల్స్ (చక్కెర ఆల్కహాల్స్ అనే తీపి పదార్థాలు; పక్కనున్నవి లేబుల్ మీద కనిపించే కోడ్ అంకెలు) ఎక్కువైతే విరేచనాలు అవుతాయి. ఆ హెచ్చరిక ప్యాకెట్ మీదే సన్నని అక్షరాలలో ఉంటుంది. వీటికి కూడా కేలరీలు ఉన్నాయి, చక్కెర కన్నా తక్కువ, అంతే. సుక్రలోజ్ 955, అస్పర్టేమ్ 951, స్టీవియా 960 వంటి వాటి విషయంలో, బరువు తగ్గడానికి వాటి మీద ఆధారపడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది. ఇప్పటికే డయాబెటిస్ ఉన్నవారికి ఆ సూచన వర్తించదని కూడా చెప్పింది. కాఫీలో ఒక మాత్ర వేసుకుంటే కొంపలు మునగవని నా అభిప్రాయం.

పట్టికే లేని సరుకులు కొన్ని ఉన్నాయి. వంద చదరపు సెంటీమీటర్లకు మించని చిన్న ప్యాకెట్ల మీద పదార్థాల జాబితా, పోషక పట్టిక తప్పనిసరి కాదు. బేకరీలో గాజు సీసాలోంచి తీసి ఇచ్చే ఉస్మానియా బిస్కెట్లకు, రస్కులకు, బన్నులకు లేబుల్ ఉండదు. అక్కడ చక్కెర ఉందనే లెక్క వేసుకోవడం మంచిది. చ్యవన్‌ప్రాశ్ వంటివి ఆయుర్వేద ఔషధాలుగా లైసెన్సు తీసుకుని అమ్ముతారు కనుక చాలా సీసాల మీద ఈ పట్టిక కనిపించదు. వాటి తయారీలో చక్కెర పాకమే ప్రధానం. వాసన, రుచి కలిపిన ఇసబ్‌గోల్ పొడులలో చాలావాటికి చక్కెరే ఆధారం. మలబద్ధకానికి రోజూ రాత్రి వేసుకునే పెద్దవాళ్లు దీనిని చక్కెరగా ఎప్పుడూ లెక్కించరు. ఏమీ కలపని ఇసబ్‌గోల్ పొట్టు దొరుకుతుంది, అది వాడండి. దగ్గు సిరప్, నమిలే విటమిన్ మాత్రలు, కాఫీ, పాలపొడి, చక్కెర మూడింటినీ కలిపి ఒకే పొట్లంలో ఇచ్చే కాఫీ పొడి కూడా ఈ కోవలోవే. ఆ కాఫీ పొట్లంలో జాబితాలో మొదటి పేరు తరచుగా చక్కెరదే.

కొన్నింటి గురించి మీరు కంగారు పడనక్కరలేదు. ఆవకాయ, గోంగూర, కంది పొడి, కారప్పొడి వంటి వాటిలో బెల్లం ప్రత్యేకంగా కలిపితే తప్ప చక్కెర నామమాత్రం. అక్కడ చూడవలసింది ఉప్పు. పులిహోర పేస్టులలో బెల్లం ఉంటుంది, అయినా ఒక ప్లేటుకు చేరేది తక్కువే. బ్రెడ్‌లో ఈస్ట్ కోసం, రంగు కోసం వేసే చక్కెర 100 గ్రాములకు సాధారణంగా కొద్ది గ్రాములే. అయితే ‘బ్రౌన్’ అన్న పేరును నమ్మకండి. మొదటి పదార్థం మైదా అయి, చివర్లో 150 అనే అంకె ఉంటే ఆ రంగు కారమెల్‌ది. టమాటా కెచప్ మాత్రం వేరు. అందులో 100 గ్రాములకు పాతిక గ్రాముల దాకా, కొన్నింటిలో ఇంకా ఎక్కువే చక్కెర ఉంటుంది.

మీ నాన్నగారు రోజూ తీసుకునేవి మీరు రాసినవే కనుక నాకు తెలిసిన సగటు అంకెలతో లెక్క వేశాను. ఉదయం పాలలో 20 గ్రాముల మాల్ట్ పొడి, దానికి 6 గ్రాముల కలిపిన చక్కెర. రెండు పూటలా రెండేసి రాగి కుకీలు, దాదాపు 10 గ్రాములు. సాయంత్రం శాండ్‌విచ్‌తో రెండు పెద్ద చెంచాల కెచప్, 8 గ్రాములు. మధ్యాహ్నం 200 మిల్లీలీటర్ల ప్యాకెట్ లస్సీ, 20 గ్రాములు. మొత్తం 44 గ్రాములు, పదకొండు టీస్పూన్లు. కాఫీలో మానేసిన నాలుగు చెంచాల కన్నా ఇది దాదాపు మూడు రెట్లు. ఇందులో మాల్ట్ మాల్టోజ్, కుకీల్లోని పిండి పదార్థం చేర్చనేలేదు. మీరు ముందుగా మార్చవలసింది లస్సీ. దాని స్థానంలో ఇంట్లో తోడుపెట్టిన పెరుగుతో జీలకర్ర, ఉప్పు వేసిన మజ్జిగ ఇస్తే ఒక్క దెబ్బతో 20 గ్రాములు పోతాయి. తరవాత కుకీలు, వాటికి బదులు వేయించిన శనగలో, గుప్పెడు వేరుశనగపప్పులో పెట్టండి. మాల్ట్ పొడి ఆయనకు అలవాటైన రుచి అయితే మోతాదు సగం చేయండి, ఒకేసారి మానిపించి గొడవ తెచ్చుకోవద్దు.

మీ అక్కగారు అమెరికా నుంచి తెచ్చిన ప్యాకెట్ల గురించి కూడా అడిగారు. అక్కడ కలిపిన చక్కెరకు విడిగా గడి ఉంటుంది, శాతాన్ని అక్కడ కూడా 50 గ్రాముల లెక్క మీదే వేస్తారు కనుక రెట్టింపు సూత్రం అలాగే వర్తిస్తుంది. అయితే వాటి మీద సర్వింగ్ లెక్కే ప్రధానం, 100 గ్రాముల గడి సాధారణంగా ఉండదు. సర్వింగ్ ఎన్ని గ్రాములో చూసి మీరే మార్చుకోవాలి. బ్రిటన్ ప్యాకెట్ల మీద 100 గ్రాముల గడి ఉంటుంది కానీ కలిపిన చక్కెరను విడిగా చూపరు. ముందు వైపు రంగుల గుర్తులు ఉంటే, 100 గ్రాములకు మొత్తం చక్కెర 22.5 గ్రాములు దాటిన ఘన పదార్థానికి ఎరుపు వస్తుంది.

చివరగా, ఆయన ఇప్పటికే మెట్‌ఫార్మిన్ కానీ మరే మందు కానీ వాడుతుంటే, తిండిలో ఈ మార్పులు చేస్తున్నట్టు డాక్టరుగారికి ముందే చెప్పండి. ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే, అనుమానం ఉన్న ‘షుగర్ ఫ్రీ’ సరుకును ఒక రోజు విడిగా తినిపించి, తినక ముందు ఒకసారి, మొదటి ముద్ద నుంచి రెండు గంటలకు ఒకసారి పరీక్షించి రాసిపెట్టుకోండి. తరవాతి అపాయింట్‌మెంట్‌కు వెళ్ళేటప్పుడు ఆ అంకెలతో పాటు ప్యాకెట్ వెనక వైపు ఫొటో కూడా తీసుకెళ్ళండి.